కౌంటు

ట్రంకు రోడ్డులో సిమ్ము కంపెనీ షాపు.
ఏసీ గాలికి
నా కాళ్ళ మీద గుంట ఉప్పు తెల్లగా తేలింది.
కౌంటరు కాడి పిల్ల పేరు హారిక, మెడలో కార్డు చెప్పింది.
నా ఫోనును రెండు వేళ్ళతో ఎత్తి, తిప్పి చూసి
"తొమ్మిది వేలు వస్తాది ఆంటీ" అనింది.

తొమ్మిది వేలు!
అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే
జనరేటరు కుర్రాణ్ణి తిట్టి లేపిన ఫోను.
చెక్ ట్రేలో మిగిలిన మేతను
మూడేళ్ళు ఫోటోలు తీసిన ఫోను.
దానికి ఇంకా అంత విలువుందా అని
నాకు నోట మాట రాలా.

ఆ తర్వాత నిదానంగా చెప్పింది.
చేతికి రావంట.
నెలనెలా బిల్లులో మూడొందల డెబ్బై అయిదు తగ్గిస్తారంట,
ఇరవై నాలుగు నెలలు.
పెద్ద ప్లాను ఎత్తుకోవాలంట.
నడుమ వేరే సిమ్ముకు మారితే మిగిలింది పోయినట్టేనంట.

ఈ మాట నేను యాడో విన్నా.
యాడో ఏంది, మా విడవలూరులోనే,
మేత కొట్టు కోటారెడ్డి నోట.
"మేత తీసుకెళ్ళు వెంగమ్మా, దుడ్లు ఎవురడిగినారు,
పట్టుబడి నాడు రొయ్య నాకెయ్యి చాలు."
బయట నలభై కౌంటు మూడొందల ఎనభై పలికిన రోజు
ఆయన కాటాలో మూడొందల నలభై.
అడిగితే నవ్వుతాడు.
మంచోడే. కోడలి పురిటికి కారు పంపించినాడు.
ఆ కారు కూడా కాటాలోకే ఎక్కిందని
తెలుసుకునే తలికి నాలుగు పంటలు అయిపొయినాయి.

లేచి, ఆటో ఎక్కి
ఫోను తయారుజేసే కంపెనీ షోరూముకు పోయినా, మాగుంట లేఔటుకు.
జిలాని అని సన్నపాటి పిల్లోడు.
దీపం కింద పెట్టి చూసినాడు,
మద్రాసు బయ్యరు రొయ్యను చూసినట్టు:
తల వదులైందా, తోక నల్లబడిందా, పెంకు మెత్తనా.
మూల పగులుకు ఇంత కోత,
బ్యాటరీ నీరసానికి ఇంత,
చార్జింగు బొక్కలో ఉప్పుకు ఇంత.
"నాలుగు వేల రెండొందలు ఆంటీ.
కొత్తదాని ధరలో ఇప్పుడే తీసేస్తా."
సగం కూడా లా.
కానీ, ఇప్పుడే.
ఐసు పెట్టె మీద కూర్చోని
తడి చేత్తో నోట్లు లెక్కబెట్టుకున్నోళ్ళకు
ఆ మాట రుచి తెలస్తాది.

బయట సోడా బండి కాడ నిలబడి
ఆ ఫోనులోనే లెక్కేసినా.
గుంటలో పడ్డ కాడి నుంచి తొమ్మిది అంకె మొద్దుబారింది.
ఎంత నొక్కినా పలకదు.
తొమ్మిది కావాలంటే ఎనిమిదికి ఒకటి కలుపుకోవాల.
సరేలే,
తొమ్మిది వేలను నా ఫోనే నమ్మలా.

ఆ సంగతి హారిక చూడలా, జిలానీ చూడలా.
ఐసు కింద మెత్త రొయ్యను దాచినోళ్ళను
నా నోటితో నేనే తిట్టినా కదా.
లోపలికి పోయి చెప్పినా.
పిల్లోడు తల గోక్కున్నాడు.
"చెప్పకుండా ఉండాల్సింది ఆంటీ" అని
ఇంకో అయిదొందలు కోసినాడు.
కోసినాక, వాడే కొత్త ఫోనుకు గాజు అట్ట ఊరికే అంటించినాడు.

పొద్దు గూకే తలికి గుంట కాడికి వచ్చినా.
ఇక్కడ అందేది హారిక వాళ్ళ టవరు ఒక్కటే.
పాత సిమ్మే, చిన్న ప్లానే,
కానీ రేపు వద్దనుకుంటే వద్దనగలను.
కొత్త ఫోనులో తొమ్మిది నొక్కి చూసినా.
పలికింది.
మళ్ళీ నొక్కినా, ఊరికే.

అంతలో మోగింది.
కోటారెడ్డి.
"ఎల్లుండేనంట కదమ్మా పట్టుబడి?"
ఏరియేటర్ల మోతలో
వినపడనట్టు కాసేపు ఉండినా.
మేత బాకీ ఇంకా లక్షా పదివేలు ఉండాది.
"ఆఁ, ఎల్లుండే" అన్నా.
"కౌంటు మటుకు ఈసారి నా కాటాలో."