పంపకాలు

కేజీహెచ్ బ్లడ్ బ్యాంకులో రాత్రి డ్యూటీ.
ఫ్రిజ్ మూలుగు తప్ప పలకరించే గొంతు లేదు.
బల్ల మీద ఫోను వణుకుతుంది.
చూస్తాను.

ఎర్నమ్మత్త ఆనపకాయ పంపింది.
బరువు చూసుకునే మిషను మీద
పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి.
"నాలుగు కేజీల మూడొందలు. దిష్టెట్టకండర్రా."
దాని కిందే గాజువాక జంక్షన్లో మోకాలిలోతు నీళ్లు.
దాని కిందే ఎవరి మనవడిదో ఊడిన పన్ను,
కొలతకి పక్కన ఒక బియ్యపు గింజ.

గురుమూర్తి మేష్టారివి ఓడలు.
బైనాక్యులరుకి ఫోను ఆనించి డాబా మీంచి తీస్తారు.
నల్లటి వలయం, మధ్యలో తుప్పు ముద్ద.
"బొగ్గు దించేసి ఎంత తేలిగ్గా పోతోందో చూడండి."
ఎవరూ చూడరనుకుంటాను.
ఒక పూట పెట్టకపోతే మాత్రం
"మేష్టారూ, ఇయాల రేవు మూసేసారేటి?"

ఫరీదా తను కుట్టిన జాకెట్ల వీపులు పంపుతుంది.
జాలరిపేట ఎల్లాజీ వలలో పడ్డ వింత చేపని పంపి
"దీన్నేటంటారు?" అంటాడు.
పదిమంది పది పేర్లు చెబుతారు.
పదకొండోది మా మావయ్యది: "పులుసు."

పంపకాలంటే మా ఇంట్లో
పెద్దమనుషులు, కొలతాడు, స్టాంపు కాగితం.
కొబ్బరికాయలు సరి బేసి లెక్కన పంచుకుని
నాన్నా చిన్నాన్నా పదహారేళ్లు మాటాడుకోలేదు.
ఇప్పుడు చిన్నాన్న రోజూ నాకు పంపుతాడు,
షుగరుకి కాకరకాయ, గుండెకి వెల్లుల్లి.
నేను ఆస్పత్రిలో పనిచేస్తానని తెలిసే పంపుతాడు.
నాన్నకి చూపిస్తాను.
"ఈడికెప్పుడూ కంగారే" అంటాడు,
కళ్లజోడు వెతుక్కుంటూ.

పోయిన వారం రాత్రి రెండుంబావుకి
సన్యాసప్పడు పంపాడు.
నాలుగేళ్లుగా మాలో ఉండి ఒక్క ముక్క పెట్టని మనిషి.
బొమ్మ కాదు, మాట కాదు, నలభై సెకన్ల చప్పుడు.
ఇనుప మెట్లు. ఊపిరి. తాళాల గుత్తి.
తర్వాత సన్నగా, శ్రుతి తప్పిన కూనిరాగమేదో,
పైమెట్టు మీద తెగిపోయింది.

జేబులో వేలు తగిలిందని అందరికీ తెలుసు.
తెల్లారి చెరిపేసి "సారీ, పొరపాటు" అన్నాడు.
అప్పటికే ముప్ఫై ఇద్దరం విన్నాం.
"మెట్లు లెక్కెట్టినాను, ఇరవైతొమ్మిది.
మోకాళ్లు జాగర్త నాయినా" అంది ఎర్నమ్మత్త.
"ఎక్కాక ఏటి చేసావు?" అనడిగింది ఫరీదా.
పగలంతా జవాబు లేదు.
రాత్రి ఒక ఫొటో. స్టీలు ప్లాంటు క్రేను గది.
అద్దం అవతల కాగిన ఇనుము ఎరుపు,
ఇవతల సగం తాగిన టీ.

నేనింతవరకూ ఏమీ పంపలేదు.
ఫ్రిజ్ తలుపు తీస్తాను.
సంచుల మీద మనుషుల పేర్లుండవు,
నంబరు, తేదీ, గ్రూపు. అంతే.
ఎవరిచ్చారో ఎవరికెళ్తుందో,
పైన వార్డులో ఎవరో ఎదురుచూస్తుంటారు.

ఐదింటికి ఫోను మళ్లీ వణికింది.
ఆనపకాయ కోసేసిందట.
కావలసినోళ్లు గిన్నె తెచ్చుకోమంది.