ఉలిపికట్టె

పాత పోస్టాఫీసు వెనక సందులో మా ఓడల ఏజెన్సీ.
మూడో అంతస్తు. ఏసీ గదిలోకి కూడా
తలుపు కిందనుంచి ఉప్పుగాలి.
స్క్రూలకి తుప్పు పట్టే ఈ ఊళ్ళో
పదకొండు లినక్సు మెషీన్లు నాకప్పగించి
సన్యాసిరావు గారు రిటైరయ్యారు.

వాటికి ఆయన పెట్టినవి చేపల పేర్లు:
కోనాం, చందువ, కానాగంత, పండుగప్ప, సావడ...
అన్నిటికన్నా చిన్నది, ఫిషింగ్ హార్బర్ గదిలో
వలల వాసన మధ్య ఉండేది, నెత్తల్లి.

అన్నీ ఉత్తరాలు మోసేవే.
ఏ ఓడ ఎప్పుడొస్తుంది, ఏ బెర్తు, ఎంత బొగ్గు,
ఎవరికి జ్వరం, ఎవరు దిగిపోతారు.
మోసే తీరు మాత్రం దేనిది దానిదే.
కోనాం పది ఎంబీ దాటితే మింగదు.
పండుగప్ప యాభై పెట్టినా ఇంకా అంటుంది.
కానాగంత పాత కంపెనీ పేరుతోనే సంతకం పెడుతుంది.
సావడలో ఒక లైను చివర కామా.
ఎందుకుందో తెలీదు, తీస్తే పనిచెయ్యదు.

పదకొండు ఫైళ్ళూ పక్కపక్కన పరిచి చూశాను,
పూర్ణా మార్కెట్లో పదకొండు తక్కెళ్ళలా.
రాళ్ళు అవే, తూకాలు వేరు.

అందుకని అన్నిటికీ కలిపి ఒకటే ఫైలు రాశాను.
మూడు వారాలు పట్టింది.
ఇకమీదట ఎవరూ చేత్తో దిద్దకూడదని,
దిద్దితే అరగంటలో చెరిగిపోతుందని
పైన హెచ్చరిక కూడా పెట్టాను,
కొంచెం గర్వంగానే.

శుక్రవారం రాత్రి పదకొండున్నరకి నడిపాను.
ఆకుపచ్చ, ఆకుపచ్చ, పసుపు, ఆకుపచ్చ.
పసుపంటే మార్చాను అని.
ఇరవై అయిదో పోర్టు పదకొండు చోట్లా
ఒకే గొంతుతో పలికింది.
కిటికీలోంచి చూస్తే, అసలు పోర్టులో
ఒక క్రేను దానిష్టం వచ్చినట్టు ఊగుతోంది.
జగదాంబ దగ్గర టీ తాగి ఇంటికెళ్ళాను.

తెల్లారి ఆరింటికి ఎర్రయ్యమ్మ ఫోను.
హార్బర్ గది తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి.
"బావూ, రాత్రి కాడ్నించీ ఒక్క కాయితం ఎల్నేదు.
ఐసు లారీకి రాసిందీ ఇక్కడే ఉండిపోనాది."
నెత్తల్లి లోపల చూస్తే
నాలుగు వందల పన్నెండు ఉత్తరాలు క్యూలో నిలబడి
లేని గుమ్మానికి తలుపు కొడుతున్నాయి.

పాత ఫైలు నకలు తీశాను.
రిలే లైను మీద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"తుఫాను రాత్రి. ఆఫీసు లైను తెగింది.
హార్బర్ టవర్ మీదుగా పంపుతున్నాను.
తర్వాత సరిచెయ్యాలి. స."

ఆ తర్వాత అనేది రాలేదు.
పడిపోయిన చెట్ల చోట ఊరు మళ్ళీ చెట్లు వేసుకుంది,
కరెంటు తీగలు భూమిలోకి దిగాయి,
ఆ లైను మాత్రం ఆ రాత్రిలోనే ఉండి
రోజూ ఉత్తరాలు దాటిస్తూ వచ్చింది.
నేను అర సెకనులో చెరిపేశాను.

భీమిలికి ఫోను చేశాను. సంగతి చెప్పబోతుంటే
"నెత్తల్లి ఇంకా బతికుందేటి?" అన్నారాయన.
"మోకాలి లోతు నీళ్ళు. బల్లెక్కి కూచుని,
టార్చి నోట్లో పెట్టుకుని రాసేనయ్యా ఆ ముక్క."
నవ్వారు, దగ్గారు, లైను కట్టయింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.
చిన్నప్పుడు అమ్మ నన్ను తిట్టిన తిట్టే.

ఉమ్మడి ఫైలు మళ్ళీ తెరిచాను.
మెషీన్ నెత్తల్లి అయితే, అని ఒక షరతు.
దాని కింద ఆయన లైను.
దాని మీద ఆయన రాసిన ముక్క, పొల్లుపోకుండా.
"తర్వాత సరిచెయ్యాలి" దగ్గర వేలు ఆగింది.
అదీ ఉంచేశాను.

క్యూ కదిలింది.
ఐసు లారీ ఉత్తరం ఏడూ నలభైకి చేరింది.
వెంటనే ఎర్రయ్యమ్మ మళ్ళీ ఫోను:
"లారీ ఎప్పుడో వచ్చీసినాది బావూ.
నానే నడిసెళ్ళి సెప్పీసినాను."