రేవులో ఎవరున్నారు

స్కాట్లాండ్ పడమటి అంచున మా దీవి.
మాకు పడవ ఒక్కటే.
వస్తే వచ్చినట్టు, రాకపోతే
"వాతావరణం అనుకూలించనందున" అని
కంపెనీ నోటీసులో ఒక ఎర్ర గీత.
సాయంత్రానికి అదీ ఉండదు,
పలక మీద తడిగుడ్డ పెట్టినట్టు.

ఏడాది చివర మాత్రం మా పత్రికకి కాగితం పంపుతారు:
నూటికి తొంభై ఆరు పాళ్ళు నడిపాం.
ఇరవై రెండేళ్ళు ఆ వాక్యాన్ని
మూడో పేజీలో, గొర్రెల ధరల పక్కన
అచ్చేస్తూ వచ్చాను.

పత్రిక అంటే ఎనిమిది పేజీలు, ప్రతి గురువారం.
నేనూ, ప్రకటనలు చూసే యూనా, ఒక హీటరు.
ఆ అక్టోబరులో, యాభై మూడేళ్ళ వయసులో,
మేనల్లుడు పారేసిన లాప్‌టాప్ మీద
కోడ్ రాయడం మొదలుపెట్టాను.
అచ్చుతప్పు పడితే పాఠకుడు నవ్వి వదిలేస్తాడు.
ఇది వదలదు.
ఒక కామా తక్కువైందని
మూడు రాత్రులు అలిగి కూర్చుంది.

చివరికి కుదిరింది.
పది నిమిషాలకోసారి లేస్తుంది,
నోటీసు చదువుతుంది,
తేదీ, వేళ, కారణం
మూడు గడుల్లో రాసుకుని మళ్ళీ పడుకుంటుంది.
పసిబిడ్డ కంటే నయం, నన్ను లేపదు.

చలికాలం గడిచేసరికి కిటుకు తెలిసింది.
ముందురోజే రద్దు చేసిన పడవ
వాళ్ళ పట్టికలో అసలు లేనే లేదు.
లేని పడవ ఎలా ఆగుతుంది?
కాకికి చెబితే కాకి సిగ్గుపడే లెక్క.

నలభై ఒక్క రోజులు, అని మొదటి పేజీలో వేశాను,
పెళ్ళికి కూడా వాడనంత పెద్ద అక్షరాల్లో.
ఎవరైనా ఫోన్లో తేదీ కొట్టి చూసుకోవచ్చన్నాను.

శుక్రవారం పొద్దున తలుపు తోసుకొచ్చింది ఎఫీ మెకాస్కిల్.
రేవు పక్క ఇల్లు, ఎనభై దాటిన వయసు,
కోటు లోపల స్కూలు నోటుబుక్కు.
"నలభై నాలుగు," అంది, కూర్చోకముందే.

వాదించాను. మిషన్ కదా, దానికి నిద్ర లేదు కదా.
ఆమె పేజీలు తిప్పింది.
జనవరి పదకొండు. పన్నెండు. పదమూడు.
నా పట్టిక తీశాను.
పది కింద పద్నాలుగు ఉంది,
మధ్యలో ఏమీ జరగనట్టే.

పడవను ఆపిన గాలే
మా కరెంటు తీగనూ తెంపింది.
ఆ మూడు రాత్రులూ కొవ్వొత్తి ముందు కూర్చున్నది నేనే,
నాకు తట్టలేదు.

ఎఫీ బుక్కులో నాలుగు వరసలు.
మూడు నావే.
నాలుగోదానికి పేరు లేదు. పెన్సిలుతో:
"కొత్త టీచరు. ఏడుస్తోంది, లేదా వాన."
"సోర్లీ. కిడ్నీ మిషన్‌కి వెళ్ళాలి. చేతిలో సంచి."
"సోర్లీ మళ్ళీ."
"సోర్లీ. తమ్ముడు మోసుకొచ్చాడు."
పద్నాలుగున పడవ వచ్చింది.
ఆ గడి ఖాళీ.
ఆ వారం ఐదో పేజీలో సంతాప ప్రకటన వేసింది నేనే.
పడవ సంగతి అందులో లేదు.

తర్వాతి గురువారం సవరణ,
మొదటి పేజీలోనే, అవే అక్షరాల్లో.
నవ్వుతారు, వద్దంది యూనా.
నవ్వారు కూడా. కంపెనీ మనిషి ఫోన్ చేసి
మీ లెక్క మీకే తెలీదన్నాడు.
నలభై నాలుగు, అన్నాను.

ఇప్పుడు లాప్‌టాప్‌కి పాత లారీ బ్యాటరీ ఒకటి తోడు.
నాలుగో గడి కూడా చేర్చాను: రేవులో ఎవరున్నారు.
దాన్ని ఏ నోటీసులోంచీ లాగలేం,
చేత్తో కొట్టాల్సిందే.
పొద్దున్నే ఎఫీ ఫోన్ చేస్తుంది. హలో అనదు.

"ఆరూ నలభై. రద్దు. గాలి అంటున్నారు,
జెండా మాత్రం ఊగడం లేదు.
ఇద్దరు. ఒక కుక్క.
పెట్టెలో పీతలు, ఎవరివో, ఇంకా కదులుతున్నాయి."

కొడతాను,
పీతలు ఏ గడిలోకి వస్తాయో
తేల్చుకోలేక.