మూడోసారి దిద్దినప్పుడు

సొలాంజ్ గెవ్రెమోన్ రాసిందంతా
చెరిపినవాణ్ణి నేనే.
కపస్కేసింగ్ ఐస్ రింకులో ముప్ఫై నాలుగేళ్ళు
మంచు నునుపుచేసే బండి నడిపాను.

తెల్లవారుజాము ఐదు. బయట సున్నాకి ముప్ఫై ఎనిమిది దిగువన.
కాగితం మిల్లు నుంచి కుళ్ళిన గుడ్ల వాసన.
ఒక్క వరస దీపాలే వెలిగించేవాణ్ణి,
కరెంటు బిల్లుకి కౌన్సిల్ వాళ్ళు గొణుగుతారని.
తన వంతుకొచ్చిన మంచు పట్టీ మీద
తొమ్మిదేళ్ళ పిల్ల ఎనిమిది అంకె దిద్దేది.

ఒంటికాలి మీద ఒక సున్నా,
కాలు మార్చి ఇంకో సున్నా,
రెండూ కలిసే చోట ఊపిరి బిగబట్టి.
మళ్ళీ అదే గీత మీద. మళ్ళీ.
మూడుసార్లు తిరిగినా గీత ఒక్కటే కనబడాలి,
అదీ పరీక్ష.
పాట లేదు, తళుకుల గౌను లేదు.
పక్కగదిలో ఎవరో నెమ్మదిగా బట్ట చింపుతున్నట్టు
బ్లేడు చప్పుడు.

బ్లేడుకి రెండు అంచులు, లోపలిదీ బయటిదీ.
రెండూ ఒకేసారి ఆనితే తప్పు.
మనిషి బతుకూ అంతేనని
కోచ్ మిసెస్ డ్రింక్‌వాటర్ అనేది.
నాకు ఆవిడ పడదు.

పోటీల్లో జడ్జీలు బొచ్చుకోట్లతో వంగి
చేతి తొడుగుతో పొడి తుడిచి చూసేవాళ్ళు,
జారిపోయిన చెవికమ్మ వెతుకుతున్నట్టు.
గ్యాలరీలో నలుగురు. అందులో వాళ్ళమ్మ, కునుకుతూ.
సడ్‌బరీలో మొదటి స్థానం.
హాలిఫాక్స్‌లో, జాతీయ పోటీల్లో,
గీతల వరకూ దేశానికంతా ఆమే మొదటిది
ఒక రాత్రీ, ఒక పగలూ.

సాయంత్రం జనం వచ్చారు, టీవీ వచ్చింది,
ఎగరమన్నారు.
ఇంకో మెట్టు ఉందనుకుని చీకట్లో అడుగేసిన మనిషిలా
ఎగిరింది సొలాంజ్.
రెండు చుట్లు తిరిగి, మూడోది గాల్లోనే వదిలేసి
మంచు మీద కూలబడింది.
లేచింది. నవ్వింది. తొమ్మిదో స్థానం.
కెమెరాకి ఆ పడటం ఒక్కటే దొరికింది.

మరుసటేడు ఆరో స్థానం. ఆపైయేడు మోకాలు.
ఈలోగా ఎక్కడో బల్లచుట్టూ చేరిన పెద్దమనుషులు
గీతల విలువ తెగ్గోస్తూ వచ్చారు.
నూటికి నలభై ఉండేది ముప్ఫై అయింది,
ఇరవై అయింది,
ఒక వేసవిలో సున్నా.
సున్నా కూడా గుండ్రంగానే ఉంటుందిగా,
అని ఆమెతో అనేసి నాలిక కరుచుకున్నాను.
నవ్వలేదు. కోప్పడనూ లేదు.
మిల్లు ల్యాబులో చేరింది,
కాగితం మందం కొలిచే పని.

నేను రిటైరయ్యే వారం, హాకీ వాళ్ళు వెళ్ళాక,
పాత బూట్లు మెడలో వేసుకుని వచ్చింది.
నలభై దాటింది. కళ్ళజోడు.
"ఎల్ఫేజ్, పది నిమిషాలు."
బండి పక్కకి పెట్టాను, ఇంజను గుర్రుమంటూనే ఉంది.
ఎనిమిది దిద్దింది. మూడుసార్లు.
"చూడు."

నేను జడ్జీని కాను.
అయినా మోకాళ్ళు పటపటమంటుంటే వంగి
తొడుగుతో పొడి తుడిచాను.
ఎన్ని వేల ఎనిమిదుల్ని వేడినీళ్ళ పాలు చేశానో,
ఒక్కదాన్నీ ఇంత దగ్గరగా చూళ్ళేదు.
కూడలి దగ్గర, మూడో చుట్టులో,
వెంట్రుకవాసి పక్కకి జరిగింది.
అబద్ధం చెప్పొచ్చు. ఆ వేళప్పుడు ఎవరైనా చెబుతారు.
"ఇక్కడ తప్పింది" అన్నాను.

ముఖం వెలిగింది.
"ఎడమ మడమ," అంది, "అదెప్పుడూ అంతే."
కళ్ళజోడు నా చేతికిచ్చి
మళ్ళీ ఆ గీత మొదటికి పోయి నిలబడింది.