లోకల్‌హోస్ట్, కంబదూరు రోడ్డు

కళ్యాణదుర్గంలో, కంబదూరు రోడ్డు మీద
పంక్చరు షాపు పైన మా బోర్‌వెల్ ఆఫీసు.
కింద కంప్రెసరు ఆడినప్పుడల్లా
పైన నా టేబులు సన్నగా వణుకుతుంది.
లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఏడాది.
వైరు ఊడిందా, మాటా పలుకూ ఉండదు.

పెన్‌డ్రైవులో తెచ్చుకున్న సర్వరును
మూడోసారి వేస్తున్నాను.
మొదటిసారి, ఎనభయ్యో నంబరు పోర్టులో
ఇంకెవరో ముందే కూర్చున్నారంది.
ఎవరో కనుక్కునేసరికి రాత్రి తొమ్మిది.
కొట్లాటెందుకని ఎనిమిదివేల ఎనభైకి జరిగాను.
రెండోసారి డేటాబేసు తలుపు తీయలేదు.
పాస్‌వర్డు పెట్టిందీ నేనే, మరిచిందీ నేనే.
"పాయింటు తప్పింటాది, పక్కకు జరుపు" అన్నాడు
రిగ్గు మీద డ్రిల్లరు వన్నూరప్ప,
రాతిపొడి కాళ్లతో గడప మీద కూచుని.
ఆయనకు తెలిసిన మరమ్మతు అదొక్కటే.
వేరే ఫోల్డరులో మొదటినుంచీ దించాను.

ఎర్రగా ఉన్న రెండు గళ్లూ
ఒకదాని వెంట ఒకటి పచ్చబడ్డాయి.
లోకల్‌హోస్ట్ అని కొట్టాను.
తెల్లటి పేజీ, దాని మీద నేను రాసుకున్న ముక్క:
నీళ్లు పడినాయా?

"ఇది అనంతపురంలో కనపడతాదా?"
"కింద పంక్చరు షాపులో కూడా కనపడదన్నా.
ఈ మిషనే అడుగుతాది, ఈ మిషనే చెప్తాది."
వన్నూరప్ప కాసేపు బీడీ వెతుక్కున్నాడు.
"అయితే మేలే. తప్పులు చేసుకోవచ్చు."

పదకొండేళ్ల లెక్క పొడుగు పుస్తకాల్లో ఉంది.
రైతు పేరు, ఊరు, సర్వే నంబరు,
ఎన్నడుగులు, కేసింగు ఎంత,
ఎన్నించుల నీళ్లు, బాకీ.
ఆరువందల యాభై, దుమ్ము.
ఏడువందల ఇరవై, దుమ్ము.
నాలుగువందల పది, ఇంచున్నర. దీని పక్కన
ఎర్రసిరాతో ఎవరో రాశారు: మిఠాయి పంచినారు.
దానికి కాలమ్ లేదు.
చాలాసేపు చూసి, ఒకటి పెట్టాను.

దుమ్ముకు సున్నా కొడతానంటే సరేనన్నాడు.
హనుమక్క పేరు దగ్గర మాత్రం చెయ్యడ్డం పెట్టాడు.
ఐదువందల ఎనభై దగ్గర రాడ్డు ఇరుక్కుంది.
రెండు రోజులు లాగి, లోపలే వదిలేసి వచ్చారు.
పైకొచ్చిన పొడి అప్పటికే ముద్దకడుతోందట,
పిడికిట పట్టి చూశాడట.
"సున్నా కొట్టొద్దు పిల్లా.
నీళ్లు లేవని మనకేం తెలుసు?"

సున్నా వేరు, ఖాళీ వేరు.
డిగ్రీలో ఈ ప్రశ్నకు పదికి ఏడొచ్చాయి.
మిగతా మూడూ ఎక్కడ పోయాయో తెలిసింది.
వెనక్కి పోయి, ఆ కాలమ్ నెత్తిన నేనే పెట్టిన
'ఖాళీ కుదరదు' అనే షరతు ఎత్తేశాను.
హనుమక్క వరుస లోపలికి వచ్చింది.
నీళ్ల గడిలో ఏమీ లేదు.
బాకీ గడిలో ఉంది: ముప్పైరెండు వేల నాలుగువందలు.
రాడ్డు ఖరీదు కూడా కలిపినట్టున్నారు.

పదకొండున్నరకు కరెంటు పోయింది.
చీకట్లో బీడీ నిప్పొక్కటే.
వచ్చాక, సరిగ్గా మూయకుండా పోయావంటూ
డేటాబేసు తనను తాను తడుముకుంది,
వరుస వరుసా లెక్కపెట్టుకుంది.
రెండువందల పన్నెండు. ఒక్కటీ పోలేదు.

వన్నూరప్ప ఎప్పుడు దిగి పోయాడో.

మార్చడం పనిచేస్తుందా లేదా చూడాలి కదా.
హనుమక్క బాకీ సున్నా అని కొట్టాను.
మిషను అడ్డం చెప్పలేదు,
ఓనరు ఎవరని అడగలేదు.
ఒక వరుస మారింది, అంది అంతే.

పొడుగు పుస్తకంలో అంకె అట్లే ఉంది.
పొద్దున తొమ్మిదికి ఓనరొస్తాడు.
కింద షట్టరు దించుతున్నారు,
టేబులు వణుకు ఆగింది.
ఇంకా వెనక్కి మార్చలేదు.