మూడో నంబరు ట్రామ్ నుంచి

వచ్చే నెల మొదటి ఆదివారం.
ఆ రోజు టికెట్ డబ్బులు ఉండవు, వరస మాత్రం ఉంటుంది.
డ్యూటీ చీటీ వెనకవైపు రాసుకున్నాను:
ఏడింటికల్లా గేటు దగ్గర. టోపీ. నీళ్ళ సీసా ఒక్కటి చాలు,
దారి పొడుగునా ఇనప కుళాయిలు కారుతూనే ఉంటాయి.
గుడ్డు అట్టు పెట్టిన రొట్టెలు, నాలుగు.
వెళ్ళేది ఇద్దరమే. అయినా నాలుగు.

పందొమ్మిదేళ్ళుగా మూడో నంబరు ట్రామ్ నడుపుతున్నాను.
లబికానా వీధి చివర
ముందుగా ఒక రాతి భుజం కనిపిస్తుంది,
తర్వాత మెల్లిగా ఒళ్ళు.
అక్కడ బ్రేకు మీద చెయ్యి దానంతటదే బరువెక్కుతుంది.
వానలో ఆ రాయి తడిసిన కుక్క.
ఆగస్టు మధ్యాహ్నం, ఎవరో వదిలేసిన ఎండు రొట్టె.
ఆఖరి ట్రిప్పులో దీపాలు వేసి ఉంటాయి,
ప్రతి కమానులోనూ పసుపు వెలుగు,
ఎవరో ఇప్పుడే లేచి అవతలి గదిలోకి వెళ్ళినట్టు.
ఇలా రోజుకు ఆరుసార్లు.
లోపలికి ఒక్కసారీ వెళ్ళలేదు.

"కొలోసియం ఇదేనా?" అని అడుగుతారు
మెడలో కెమెరాలు వేసుకున్నవాళ్ళు,
దాని నీడ ఒళ్ళో పడుతుంటే.
ఇదేనంటాను. తలుపు తెరుస్తాను.
వీపు సంచులు ఊపుకుంటూ దిగిపోతారు.
తలుపు మూస్తాను.
పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు.
నాది పెరడు కూడా కాదు, పెరటి పక్క సందు.

మా అక్క కొడుకు నేవియోకి ఎనిమిదేళ్ళు.
"లోపల ఏముంది పిన్నీ?" అని పోయిన చలికాలం అడిగాడు.
తెలీదనడానికి నోరు రాలేదు.
పిల్లులున్నాయన్నాను. వాటికో రాణి ఉందన్నాను.
ఒంటికన్ను రాణి. పేరు కూడా పెట్టేశాను, ప్రాస్సెదే అని.
ఇప్పుడు వాడు రాణిగారికి చేప తోక దాచమంటున్నాడు.
వాన పడితేనో, అన్నాను.
"పడితే అందరూ కమానుల కిందికే వస్తారు,
వెతకడం ఇంకా సులువు" అన్నాడు.
ఈ ప్రయాణం వాడి కోసం కాదు, నా అబద్ధం కోసం.

మూడో అంతస్తు యొలాందాగారికి ఎనభై తొమ్మిది.
"మా కాలంలో గేట్లా, పాడా!
రాత్రిపూట దూరేవాళ్ళం. చీకటి, ఉచ్చ కంపు, ముద్దులు.
నా చెవిపోగొకటి అక్కడే పడిపోయింది ఎర్సీలియా,
కనిపిస్తే తీసుకురా" అని
రెండోది చెవి నుంచి తీసి చూపించింది, పోలికకి.
చీటీలో రాసుకున్నాను:
పోగు, పగడం, ఎడమ చెవిది.

ఆ ఆదివారం నాకు డ్యూటీ పడింది.
క్విరీనోతో మార్చుకున్నాను,
బదులుగా వాడి ఈస్టర్ సోమవారం నేను చెయ్యాలి.
"రాళ్ళు చూడ్డానికా?" అన్నాడు కాఫీ ఊదుకుంటూ.
"మనుషుల్ని మృగాలకేసి
పైన కూర్చుని రొట్టెలు తిన్న చోటది."
నా నాలుగు రొట్టెలు గుర్తొచ్చాయి.
ఏమీ అనలేకపోయాను.

వాడికి చెప్పనిది ఒకటుంది.
చీటీలో కూడా రాయలేదు.
పై అంతస్తు ఎక్కి, చేలియో గుట్ట వైపు
ఏదో ఒక కమాను కింద నిలబడాలి.
దిగువన అగ్గిపెట్టెంత ట్రామ్ వంపు తిరగాలి.
అద్దం వెనక ఒక మనిషి
తల తిప్పకుండా, పట్టాల మీదే కళ్ళు పెట్టి
దాటిపోవాలి.
అంతసేపే కదా నేను దానికి కనిపించేది?
నా వైపు నుంచి పదకొండు సెకన్లు, చాలాసార్లు లెక్కపెట్టాను.
దాని వైపు నుంచి ఎంతో.

"క్విరీనో, పది దాటాక అక్కడ ఓసారి గంట కొట్టు."
"ఎందుకు?"
"పిల్లాడుంటాడు కదా."

ఇంటికొచ్చి రొట్టెల పక్కన రాశాను:
బయటికొచ్చాకే తినాలి.
నేవియో నా చేతిలోంచి పెన్ను లాక్కుని
వంకర అక్షరాలతో కింద దిద్దాడు:
చేప తోక మాత్రం లోపలే.