మఖబానే తాత ఆకాశం

మలూటి కొండమీద మేకల దొడ్డి.
గోడ రాళ్ళకి మంచు పట్టింది.
ఆగస్టు ఆఖరు. మూడో జాము దాటింది.
కుక్క నా దుప్పట్లోకి దూరి
తోక మాత్రం బయట మరిచిపోయింది.

తాత కళ్ళకి పొర కమ్మి రెండు చలికాలాలు.
ఆకాశాన్ని నాచేత చెప్పించుకుంటాడు.

తేలు?
పడమటి కొండ మింగేసింది తాతా, కొండితో సహా.

మెరుపు పడుకునే చోటు?
ఒక పక్కకి ఒరిగింది. ఎవరూ పడుకుని లేరు.

దక్షిణాన ఆ రెండు మబ్బుతునకలు?
ఉన్నాయి. ఇంత గాలికీ కదలవు.

కొమ్ముచుక్క?
లేచింది, నీళ్ళలో ఉన్నట్టు వణుకుతోంది.

అడగకుండానే చెప్పాను:
గొల్లకావడి కొండెక్కుతోంది,
మోసేవాడు మాత్రం కనబడడు.

తాత దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.
మరి దున్నుడుచుక్కలు... ఎన్ని?

లెక్కపెట్టాను. ఆరు.
కళ్ళు నులుముకుని చూశాను. ఆరే.
ఏడు తాతా, అన్నాను.
ఏడూ కనబడ్డ ఏడు జొన్న ఇల్లు పట్టదంటాడు.

దుప్పటి లోపల్నించి నవ్వు వినబడింది.
"మా తాతకి నేనూ ఏడనే చెప్పేవాణ్ణి."

ఇంకేమీ అనడనుకున్నాను.
"తెల్లారాక నాగలి దించు.
కర్రు తుప్పు పట్టి ఉంటుంది."